రెండో హార్డ్ డిస్క్ తగిలిస్తే సీపీయూ ఆన్ అవ్వట్లేదు, పీకేస్తే బానే ఉంది

మర్రిపాలెం_మధు
మా పాత సిస్టంలోని 1 టీబీ హార్డ్ డిస్క్‌ని ఇప్పుడు వాడుతున్న సిస్టంలో రెండో డిస్క్‌గా వేయించాను, అప్పట్నుంచి సీపీయూ ఆన్ అవ్వట్లేదు. ఆ డిస్క్ వైర్లు పీకేస్తే మామూలుగా విండోస్ వచ్చేస్తోంది, మళ్ళీ పెడితే అంతే సంగతి. వేసిన షాపువాడు ఎస్ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) వీక్ అయిపోయింది, 3500 పెట్టి కొత్తది వేసుకోండి అంటున్నాడు. అది 550 వాట్స్‌ది, కొని ఎంతో కాలం కూడా కాలేదు. డిస్క్‌లో మా చెల్లి పెళ్ళి ఫొటోలు, నాన్న రిటైర్‌మెంట్ వీడియో ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పోయింది డిస్కా, ఎస్ఎంపీఎస్సా, ఇంకేదైనానా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, రెండ్రోజులుగా ఇంట్లో అందరూ అదే అడుగుతున్నారు.

పెందుర్తి_పాస్‌వర్డ్
బూట్ ఆర్డర్ బ్రో, అంటే ఏ డిస్క్ నుంచి ముందు లేవాలనే వరస. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొట్టి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్) వెళ్ళు, విండోస్ ఉన్న డిస్క్‌ని ఫస్ట్‌లో పెట్టు. ఐదు నిమిషాల పని.

కంచరపాలెం_కుర్రోడు
అదే నేనూ చెప్దామనుకున్నా. పాత డిస్క్‌లో పాత విండోస్ అలాగే ఉండిపోయుంటది, మదర్‌బోర్డు దాన్నే లేపడానికి చూస్తది, అది లేవదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురికి ఇలాగే అయింది, నేనే సెట్ చేశాను. షాపోడి మాట నమ్మి డబ్బులు తగలెయ్యకు అన్నా.

ఎంవీపీ_మాస్టారు
ఆగండి బాబూ ఆగండి. "ఆన్ అవ్వట్లేదు" అన్న మాటకి అందరం తలో అర్థం చెప్పుకుంటున్నాం. మధూ, ముందు ఇది చెప్పు. బటన్ నొక్కాక ఎక్కడ ఆగుతోంది? ఫ్యాన్లు తిరిగి, స్క్రీన్ మీద నల్లగా ఏదో ఇంగ్లీషు మెసేజ్ వచ్చి ఆగితే అది బూట్ ఆర్డర్ గొడవ, పైవాళ్ళు చెప్పింది కరెక్టే. బోర్డు కంపెనీ లోగో దగ్గర నిమిషాల తరబడి కొట్టుకుంటూ ఉంటే, బోర్డు ఆ డిస్క్‌ని పలకరిస్తోంది, అది బదులివ్వట్లేదు అని, అంటే డిస్క్ గానీ డేటా కేబుల్ గానీ చూసుకోవాలి. అసలు స్క్రీన్ వెలగకుండా, ఫ్యాన్ కూడా తిన్నగా తిరక్కుండా ఆగిపోతే అది కరెంటు వైపు వ్యవహారం, బయోస్‌తో పనే లేదు. మూడింటికీ మందు వేరు. అది తెలీకుండా ఎవరేం చెప్పినా గాల్లో రాయి వేసినట్టే.

మర్రిపాలెం_మధు
మాస్టారూ, మీరు చెప్పిన మూడోదే. బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి టక్కున ఆగిపోతుంది, ముందున్న లైటు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది, మానిటర్‌లో ఏమీ రాదు. మళ్ళీ బటన్ నొక్కితే అదీ ఉండదు. ప్లగ్ దగ్గర స్విచ్ ఆపేసి కాసేపాగి వేస్తే మళ్ళీ అదే అర చుట్టు.

ఎంవీపీ_మాస్టారు
అయితే బూట్ ఆర్డర్ కాదు. బోర్డుకి పవర్ నిలబడితే కదా బయోస్ దాకా వెళ్ళేది.

పెందుర్తి_పాస్‌వర్డ్
సరే మాస్టారూ, ఒప్పుకున్నా. కానీ ఇదే టైటిల్ వెతుక్కుంటూ రేపు ఇంకొకరు వస్తారు కాబట్టి నా కేసు కూడా రాసి పెడతాను. నాది సరిగ్గా దీనికి తిరగేసిన కేసు, రెండో డిస్క్ *తీసేస్తే* విండోస్ వచ్చేది కాదు. విండోస్ వేసేటప్పుడు రెండు డిస్క్‌లూ తగిలించి ఉంచితే, విండోస్ ఏమో ఎస్ఎస్‌డీలో పడుతుంది గానీ బూట్‌కి కావాల్సిన చిన్న పార్టిషన్ కొన్నిసార్లు పాత డిస్క్‌లో వెళ్ళి కూర్చుంటుంది. ఆ డిస్క్ పీకితే అంతే, సిస్టం లేవదు. అందుకే విండోస్ వేసేటప్పుడు ఒక్క డిస్కే ఉంచి మిగతావి పీకేయాలి, అంతా అయ్యాక తగిలించుకోవాలి.

అనకాపల్లి_బెల్లం
అయితే షాపువాడు చెప్పిందే నిజమేమో? హార్డ్ డిస్క్ లోపలి పళ్ళేలు ఆగి ఉన్నచోట నుంచి తిరగడం మొదలెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. నా దగ్గర పాత ఎస్ఎంపీఎస్ మీద డిస్క్‌లు పెంచుకుంటూ పోతే ఒక దశలో సిస్టం రీస్టార్ట్ అవ్వడం మొదలైంది, మార్చాక తగ్గింది.

సోల్డర్_సూరిబాబు
బెల్లం గారూ, లాగుతుంది, కాదనను. కానీ ఎంత లాగుతుంది? 3.5 అంగుళాల డిస్క్ లేచేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 యాంపులు, అంటే 24 వాట్స్, అదీ కొన్ని సెకన్లే. తిరగడం మొదలయ్యాక పదికి లోపే. 550 వాట్స్ ఎస్ఎంపీఎస్ దానికే కూలబడితే గేమ్ ఆడేటప్పుడు ఎప్పుడో కూలబడాలి. మీది పాత ఎస్ఎంపీఎస్, అందులో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, ఆ సంగతి వేరు.

మధు చెప్పినదాంట్లో నాకు పట్టింది ఒకటుంది. రెండోసారి నొక్కితే ఉలకదు పలకదు, మెయిన్ స్విచ్ ఆపి వేస్తే మళ్ళీ అర చుట్టు. అది వీక్ అయిన ఎస్ఎంపీఎస్ చేసే పని కాదు, బాగున్న ఎస్ఎంపీఎస్ చేసే పని. ఎక్కడో నేరుగా షార్ట్ కనిపిస్తోంది, వెంటనే తనంతట తాను లాక్ అయిపోతోంది. పాపం అది తన డ్యూటీ తాను చేస్తుంటే దాన్నే మార్చమంటున్నారు. తమ్ముడూ, ఆ డిస్క్‌ని ఇంక తగిలించి చూడకు. సీపీయూ సైడ్ ప్యానెల్ తీసి, డిస్క్‌కి ఇచ్చిన పవర్ కేబుల్ ఎక్కడ్నించి వచ్చిందో ఎస్ఎంపీఎస్ దాకా చేత్తో పట్టుకుని చూసి చెప్పు.

భీమిలి_బిట్స్
3.3 వోల్టుల పిన్ సమస్య అయ్యుండొచ్చు కదా? పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బా విప్పి లోపలి డిస్క్ తీసి సీపీయూలో పెడితే చాలామందికి అదే వచ్చింది, పవర్ కనెక్టర్ మూడో పిన్ మీద టేప్ అంటిస్తే సరిపోయింది.

సోల్డర్_సూరిబాబు
బిట్స్, దాంట్లో సీపీయూ శుభ్రంగా ఆన్ అవుతుంది, డిస్క్ ఒక్కటే తిరగదు. డిస్క్ కనెక్టర్ల రూల్‌ని సాటా అంటారు, 2016లో వచ్చిన దాని 3.3 వెర్షన్‌లో ఆ మూడో పిన్‌ని డిస్క్‌ని ఆపి ఉంచడానికి వాడుకున్నారు, పాత ఎస్ఎంపీఎస్‌లు అక్కడికి 3.3 వోల్టులు పంపేస్తాయి కాబట్టి డిస్క్ నిద్రలోనే ఉండిపోతుంది. ఇక్కడ మొత్తం సిస్టమే పడిపోతోంది. పైగా మధుది పాత డిస్క్.

లాసన్స్‌బే_లత
ఉప్పుగాలి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఏ కనెక్టర్ చూసినా ఏడాదికే పచ్చగా చిలుం పట్టేస్తుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన నీళ్ళు, ఉప్పు కలిసి గదంతా కొట్టాయి, సీపీయూ తుడిచి ఆరబెట్టుకున్నాం. కరెంటు వచ్చాక పైకి బాగానే పనిచేసింది గానీ కొన్నాళ్ళకి రెండో డిస్క్ కనిపించడం మానేసింది. విప్పి చూస్తే డిస్క్ కింద ఉండే ఆకుపచ్చ బోర్డుకీ లోపలికీ కలిసే చోట చిన్న చిన్న చుక్కల్లాంటి పాయింట్లు ఉంటాయి, అవన్నీ నల్లబడి ఉన్నాయి. బోర్డు స్క్రూలు తీసి ఆ పాయింట్లని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి బిగిస్తే మళ్ళీ వచ్చింది. మధు గారూ, మీ పాత సిస్టం ఎక్కడ ఉండేది?

మర్రిపాలెం_మధు
లత గారూ, పాతది కూడా మర్రిపాలెంలోనే, లోపల గదిలో ఉండేది, చిలుం లాంటిదేమీ లేదు. షాపుకి ఇచ్చే ముందు రోజు కూడా పాత సిస్టంలో ఫొటోలు చూశాం.

సూరిబాబు అన్నా, నువ్వు చెప్పినట్టే చూశా. నా ఎస్ఎంపీఎస్‌కి కొన్ని వైర్లు అంటుకునే ఉంటాయి, కొన్ని గుచ్చుకునేవి. ఎస్ఎస్‌డీకి వెళ్ళేది ఎస్ఎంపీఎస్‌తో వచ్చినదే, పసుపు, ఎరుపు, నలుపు వైర్లు విడివిడిగా కనిపిస్తాయి. షాపులో కొత్తగా తగిలించినది మాత్రం నల్లగా బల్లపరుపుగా పట్టీలా ఉంది, రంగులే లేవు. దాని ప్లగ్ ఎస్ఎంపీఎస్‌కి పూర్తిగా పట్టింది గానీ క్లిప్ వైపు చిన్న అంచు నా ఒరిజినల్ ప్లగ్‌కి లేని విధంగా ఉంది. నా ఎస్ఎంపీఎస్ బాక్సులో ఇలాంటి కేబులే రాలేదు. నా బాక్సులోని రెండో సాటా కేబుల్ ఇంకా సీల్ కవర్‌లోనే ఉంది.

కంచరపాలెం_కుర్రోడు
ఓర్నాయనో. వేరే ఎస్ఎంపీఎస్ కేబుల్ గుచ్చేశారన్నమాట.

సోల్డర్_సూరిబాబు
అనుమానం అక్కడే. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన విషయం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

గుచ్చుకునే కేబుళ్ళకి రెండు కొసలు ఉంటాయి. డిస్క్ వైపు కొస ప్రపంచమంతా ఒకటే, 15 పిన్‌లు, ఏ పిన్‌లో ఏ వోల్టేజో రూల్ ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు కొసకి అలాంటి రూలే లేదు. ఒక కంపెనీ 12 వోల్టులు పెట్టిన చోట ఇంకో కంపెనీ 5 వోల్టులు పెడుతుంది, ఇంకోడు గ్రౌండ్ పెడతాడు, ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే మారిపోవచ్చు. కానీ ప్లగ్ ఆకారం మాత్రం చాలావాటికి ఒకేలా ఉంటుంది, పట్టేస్తుంది. పట్టింది కదా అని స్విచ్ వేస్తే డిస్క్‌లో 5 వోల్టులు వెళ్ళాల్సిన దారిలోకి 12 వోల్టులు దూరతాయి.

డిస్క్ బోర్డు మీద దీనికోసమే కాపలాకి రెండు డయోడ్లు పెడతారు, టీవీఎస్ డయోడ్ అంటారు, 5 వోల్టుల లైన్‌కి ఒకటి, 12 వోల్టుల లైన్‌కి ఒకటి. పవర్ కనెక్టర్ పక్కనే మినప గింజంత నల్లగా ఉంటాయి. ఎక్కువ వోల్టేజ్ వస్తే అది తాను షార్ట్ అయిపోయి మిగతా బోర్డుని కాపాడుతుంది. అలా షార్ట్ అయ్యాక నువ్వు సరైన కేబుల్ పెట్టినా ఎస్ఎంపీఎస్‌కి కనిపించేది షార్టే, అందుకే అర చుట్టుకే ఆగిపోతుంది. మొత్తం నువ్వు చెప్పిన లక్షణాలకి సరిపోతోంది.

మల్టీమీటర్ ఉందా? డిస్క్ బయట పెట్టి, దేనికీ తగిలించకుండా, బీప్ మోడ్‌లో చూడు. డిస్క్‌కి రెండు కనెక్టర్లుంటాయి, పొట్టిది డేటా, పొడుగుది పవర్. పవర్ పిన్‌లని డేటా కనెక్టర్ ఉన్న వైపు నుంచి లెక్కపెట్టు. 4, 5, 6 గ్రౌండ్. 7, 8, 9 ఐదు వోల్టులవి. 13, 14, 15 పన్నెండు వోల్టులవి. ఒక ముల్లు 5 మీద ఉంచి రెండోది ముందు 8 మీద, తర్వాత 14 మీద పెట్టి ఏది కూస్తుందో చెప్పు.

ఎన్‌ఏడీ_నాగమణి
ఇదే జాతి కేసు మా బావగారిది. ఎక్స్‌టర్నల్ డిస్క్ అడాప్టర్ అనుకుని ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చేశారు, డిస్క్‌కి కావాల్సింది 12, అది ఇచ్చేది 19. పిన్ సరిగ్గా పట్టేసింది మరి. తర్వాత సొంత అడాప్టర్ పెట్టినా లైటు కూడా వెలగలేదు. అందులోనూ ఆ డయోడే పోయిందని రిపేర్ చేసినాయన చూపించారు, ఫైల్స్ అన్నీ వచ్చాయి. మధు గారూ ధైర్యంగా ఉండండి.

గాజువాక_గోపి
డిస్క్ బోర్డు కాలిందంటే ఇంత ఎందుకు, ఆన్‌లైన్‌లో అదే మోడల్ సెకండ్ హ్యాండ్ డిస్క్ కొని దాని బోర్డు విప్పి దీనికి బిగించేయ్. నాలుగు స్క్రూలు.

డేటా_అక్క
గోపీ, ఆ సలహా ఇవ్వకు. నా పనే డేటా రికవరీ, బోర్డు మార్చి తెచ్చిన డిస్క్‌లు చూసి చూసి ఉన్నాను. ఎప్పుడో పాత రోజుల డిస్క్‌లకి అది నడిచేది. ఆ తర్వాతి డిస్క్‌లలో ప్రతి దానికీ ఫ్యాక్టరీలో దాని హెడ్‌లకి (డేటా చదివే ముళ్ళకి) సరిపోయేలా కొలతలు తీసి బోర్డు మీదున్న చిన్న రోమ్ చిప్‌లో రాస్తారు. మోడల్ నంబర్ ఒకటే అయినా ఆ కొలతలు వేరు. పక్క డిస్క్ బోర్డు బిగిస్తే డిస్క్ కనిపించకపోవచ్చు, హెడ్ టక్ టక్ మని కొట్టుకోవచ్చు. బోర్డు మార్చాలంటే ఆ చిప్ కూడా పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చాలి. మధూ, ఇంకో మాట, డిస్క్ మూత మాత్రం ఎవరు చెప్పినా తెరవద్దు. బోర్డు వేరు, మూత వేరు.

గాజువాక_గోపి
సరే అక్కా, ఈ రోమ్ సంగతి నాకు తెలీదు.

మర్రిపాలెం_మధు
మీటర్ మా ఆఫీసులో దొరికింది. 5కీ 14కీ మధ్య కూయలేదు. 5కీ 8కీ మధ్య ఆగకుండా బీప్, స్క్రీన్ మీద 0.4 చూపిస్తోంది, ఓమ్స్‌లో.

సోల్డర్_సూరిబాబు
5 వోల్టుల డయోడ్ షార్ట్. 12 వైపు క్షేమం. ఇది మంచి వార్తే తమ్ముడూ, ఉన్నవాటిలో. ఆ డయోడ్ తీసేస్తే డిస్క్ మామూలుగా లేచే అవకాశం బాగా ఉంది. ఆ డయోడ్ లేకపోయినా డిస్క్ పనిచేస్తుంది, దానికి కాపలా మాత్రం ఉండదు. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాళ్ళకి పెద్ద పని కాదు.

డేటా_అక్క
సూరిబాబు గారూ, ఇక్కడ మీతో విభేదిస్తాను. మీ చేతికి అది చిన్న పని. పెళ్ళి ఫొటోలు ఒకే ఒక్క కాపీ ఉన్న డిస్క్‌ని మొదటిసారి ఐరన్ పట్టేవాడి చేతిలో పెట్టకూడదు. పక్కనే ఉండే చిన్న రెసిస్టర్లు వేడికి లేచిపోతే డయోడ్ పని కాస్తా బోర్డు పని అవుతుంది. పైగా డయోడ్ ఒక్కటే పోయిందా, దాని వెనక మోటార్ నడిపే చిప్ కూడా దెబ్బతిందా అన్నది తీస్తే గానీ తెలీదు.

సోల్డర్_సూరిబాబు
అక్కా, ఇంట్లో చేసుకోమని నేననలేదు, వచ్చినవాళ్ళ చేత చేయించమన్నా. రికవరీ ల్యాబ్‌కి పంపితే వేలల్లో అవుతుంది, మామూలు ఇళ్ళలో అంత పెట్టలేక ఫొటోలే వదిలేసుకున్నవాళ్ళని చూశాను. ఫోన్ బోర్డుల మీద పనిచేసేవాళ్ళకి ఇది కంటి మీద లెన్స్ పెట్టుకుని రెండు నిమిషాల పని.

డేటా_అక్క
ఆ మాట ఒప్పుకుంటాను. హాట్ ఎయిర్ ఉన్న, రోజూ చేసే చెయ్యి అయితే సరే. కానీ మధూ, తీశాక మొదటిసారి ఆన్ చేసేది ఎలాగో ముందే అనుకుని ఉంచుకో. తీసిన వెంటనే మీటర్‌తో మళ్ళీ చూడు, 5కీ 8కీ మధ్య ఇంకా కూస్తే ఆపెయ్, తగిలించకు. కూయకపోతే నీ ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన సీల్ కవర్ కేబులే వాడు. అంత స్థలం ఉన్న ఖాళీ డిస్క్ ఒకటి ముందే తగిలించి ఉంచు. డిస్క్ లేస్తే ఒక్కో ఫొటో తెరిచి మురిసిపోతూ కూర్చోకు, ముందు మొత్తం కాపీ, చూడ్డం తర్వాత. టక్ టక్ మని శబ్దం వస్తే మాత్రం వెంటనే పవర్ ఆపు, అప్పుడు ల్యాబే దారి.

అనకాపల్లి_బెల్లం
విండోస్ కొత్త డిస్క్‌ని చూసి "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే కాన్సిల్ కొట్టడం కూడా మర్చిపోవద్దు మధు గారూ. కంగారులో ఓకే కొట్టేసేవాళ్ళు ఉంటారు.

మర్రిపాలెం_మధు
అప్‌డేట్. మా ఆఫీసులో బోర్డులు రిపేర్ చేసే సీనియర్ అన్న ఒకాయన ఉన్నారు, ఆయన చేశారు. డయోడ్ చుట్టూ పసుపు టేప్ అంటించి మిగతా భాగాలకి వేడి తగలకుండా చేసి, గాలి పెట్టి ట్వీజర్‌తో అలా ఎత్తేశారు. ఎత్తిన డయోడ్‌ని విడిగా మీటర్‌కి పెడితే రెండు వైపులా కూసింది. డిస్క్ మీద 5కీ 8కీ మధ్య బీప్ పోయింది.

సీల్ కవర్ కేబుల్‌తో తగిలించి స్విచ్ వేస్తే సిస్టం లేచింది, డిస్క్ ఝుమ్మని తిరిగింది. విండోస్‌లో రెండు డ్రైవ్‌లూ వచ్చాయి. అక్క చెప్పినట్టే ఏదీ తెరవకుండా కాపీ పెట్టాను. మధ్యలో ఒక ఫోల్డర్ దగ్గర నెమ్మదించి మా అమ్మని కంగారు పెట్టింది గానీ అంతా వచ్చేసింది. కాపీ అయ్యాక చెల్లికి వీడియో కాల్ చేసి అప్పగింతలు ఫొటోలు చూపించాను, ఇద్దరం ఏడ్చేశాం. అందరికీ చాలా చాలా థాంక్స్. సూరిబాబు అన్నా, డేటా అక్కా, మాస్టారూ, మీ మాట వినకపోతే 3500 పెట్టి ఎస్ఎంపీఎస్ మార్చి, అదీ అర చుట్టుకే ఆగుతుంటే ఏడుస్తూ కూర్చునేవాణ్ణి.

లాసన్స్‌బే_లత
చదువుతుంటేనే ప్రాణం లేచొచ్చింది. రెండో కాపీ కూడా ఇంకో చోట పెట్టండి, మీ చెల్లి ఇంట్లో అయితే ఇంకా మంచిది.

కంచరపాలెం_కుర్రోడు
షాపోడికి చెప్పావా అన్నా? ఊరుకోకు.

మర్రిపాలెం_మధు
వెళ్ళి రెండు కేబుళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించాను. తగిలించిన కుర్రాడికి నిజంగానే తెలీదు, ప్లగ్ పట్టింది కదా అన్నాడు. ఓనర్ లేబర్ డబ్బులు తిరిగిచ్చారు. అక్కడ కౌంటర్ కింద అట్టపెట్టెలో అన్ని కంపెనీల కేబుళ్ళూ కలిపి పోసి ఉన్నాయి, అందులోంచే తీశారట.

సోల్డర్_సూరిబాబు
ఆ పెట్టె ఉన్నంతకాలం ఇంకొకరి డిస్క్ పోతుంది. ఎస్ఎంపీఎస్ కొన్నప్పుడు వచ్చిన కేబుళ్ళు ఒక కవర్‌లో వేసి మీద మోడల్ పేరు రాసి పెట్టుకోండి అందరూ, ఎస్ఎంపీఎస్ పోతే కేబుళ్ళు కూడా దాంతోపాటే పారేయండి. మధూ, ఆ డయోడ్ లేని డిస్క్‌ని రోజువారీ వాడకానికి పెట్టకు, అలా పక్కన దాచు.

భీమిలి_బిట్స్
మధ్యలో దూరుతున్నా, కొత్త థ్రెడ్ ఎందుకని. నేను 4 టీబీ డిస్క్ రెండోదిగా పెట్టా, సిస్టం బానే లేస్తోంది, కానీ 2 టీబీయే వాడుకోనిస్తోంది, మిగతాది ఖాళీ అని చూపించి ముట్టుకోనివ్వట్లేదు. డిస్క్ డూప్లికేటా?

ఎంవీపీ_మాస్టారు
కాదు బాబూ. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్, దాంట్లో మొదలెట్టి ఉంటావు, దానికి 2 టీబీ దాటి లెక్క రాదు. అందులో ఏమైనా దాచావా?

భీమిలి_బిట్స్
ఇంకా లేదు మాస్టారూ.

ఎంవీపీ_మాస్టారు
అయితే తేలికే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్క్ మీదున్న పార్టిషన్లు తీసేసి, డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి కొత్త పద్ధతి జీపీటీకి మార్చు. మార్చే ముందు డిస్క్ నంబర్ రెండుసార్లు చూసుకో, పక్కదాని మీద కొట్టకు.

భీమిలి_బిట్స్
వచ్చేసింది, 3.63 చూపిస్తోంది.

ఎంవీపీ_మాస్టారు
అంతే ఉంటుంది, విండోస్ లెక్క 1024తో, డబ్బా మీద లెక్క 1000తో. మొత్తం నీదే, వాడుకో.